బాపమ్మ షర్బత్తులో ఎంత కలిపినవ్ రా?

ఆషాఢం వచ్చిందంటే మా కమాన్‌పూర్‌లో నేరేడు పండ్ల గంపలు దిగుతాయి. ఊళ్ల నుంచి తెచ్చి రోడ్డు పక్కన కూర్చుని డబ్బాతో కొలిచి అమ్ముతారు. నేను ఒకేసారి రెండు మూడు కిలోలు తీసుకుంటాను. సగం పిల్లలు తినడానికి, సగం షర్బత్తుకి.

ఈ షర్బత్తు మా బాపమ్మది. గోదావరిఖనిలో బాయిలు తెరిచిన కొత్తలో మా తాత పనికి కుదిరాడు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి గొంతు నిండా బొగ్గు దుమ్ము. బెల్లం తింటే ఆ దుమ్ము దిగిపోతుందని బాయి పనికి పోయే ఇళ్లలో గట్టి నమ్మకం. అది ఎంత నిజమో డాక్టర్లే చెప్పాలి. కానీ బెల్లం లేని సింగరేణి ఇల్లు నేనైతే చూడలేదు. ఎండాకాలం చింతపండు పానకం, వానలు పడగానే నేరేడు షర్బత్తు. పండ్లు ఉడికించి, చేత్తో పిసికి, గింజలు తీసి, పాత పంచె గుడ్డలో వడగట్టి, బెల్లం, శొంఠి, మిరియాలు, చిటికెడు ఉప్పు వేసి కుండలో పెట్టేది. తాత అరుగు మీద కూర్చుని చెంబెడు తాగి, ఊదారంగు నాలుక మాకు చూపించేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఇంతవరకు చదివి ఇది వంటల ముచ్చట అనుకుంటున్నారేమో. సగమే.

పోయిన ఏడాది పోచమ్మ బోనాలకు అందరం మా ఇంట్లో కలిశాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన మా అమ్మాయి, మా చెల్లె, మరిది, వాళ్ల ఆరేళ్ల బాబు, ఇంకో నలుగురు చుట్టాలు. పొద్దున బోనం ఎత్తాం, సాక పోశాం, మధ్యాహ్నానికి యాటకూర అయింది. మా దిక్కు బోనాలంటే మగవాళ్లకు మందు ఉండాల్సిందే కదా. సీసాలు ముందు గదిలో, మేం వంటింట్లో. ఏళ్లుగా అదే వరుస.

ఈసారి మావాడు వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, నీ షర్బత్తు జగ్గు ఒకటి నాకియ్యవా, పట్నంల గిసొంటి గ్లాసుకు ఆరువందలు తీసుకుంటరు" అన్నాడు. వాడు చేసింది చూడముచ్చటగానే ఉంది, అబద్ధం ఎందుకు? షర్బత్తులో విస్కీ పోసి, నిమ్మరసం పిండి, పుదీనా నలిపి వేసి, ఐసు ముక్కలు వేసి, గ్లాసు అంచుకు ఉప్పు కారం అద్దాడు. ఫోన్‌లో ఫొటో తీసి 'బాపమ్మ స్పెషల్' అని పేరు పెట్టి స్నేహితులకు పంపాడు. వాడు పుట్టకముందే పోయిన బాపమ్మ పేరు వాడి నోటి నుంచి వింటే నాకు ముచ్చటేసింది. ఒక చెంచా నోట్లో పోసుకుని చూశాను కూడా. నేరేడు వగరు, బెల్లం తీపి, మిరియం ఘాటు. విస్కీ ఉందని చెబితే తప్ప తెలియదు.

మా అమ్మాయి కూడా ఒక గ్లాసు తీసుకుంది. మా పెద్దాడబిడ్డ చూసి, "ఆడిపిల్లవు నీకెందుకే గది" అంది. అప్పటికి అక్కడున్న మగవాళ్లు తలా మూడు గ్లాసులు దాటారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

అసలు సంగతి సాయంత్రం. ఫ్రిజ్‌లో రెండు జగ్గులున్నాయి. ఒకటి ఉత్త షర్బత్తు, ఒకటి వాడు కలిపింది. రెండూ ఒకే రంగు. మా చెల్లె కొడుకు ఆడి ఆడి దాహమై వచ్చి ఫ్రిజ్ తెరిచి, చేతికందిన జగ్గు వంచుకుని తాగాడు. తీయగా ఉంది కాబట్టి వదల్లేదు. కాసేపటికి గోడకు ఆనుకుని కూలబడ్డాడు, తర్వాత వాంతి. నాలుక ఊదారంగు చూసి షర్బత్తు ఎక్కువ తాగాడనుకున్నాం. చెల్లె దగ్గరికి తీసుకుని నోరు వాసన చూసి కెవ్వున అరిచింది.

కారులో వేసుకుని గోదావరిఖని ఉరికాం. ఆస్పత్రిలో మా చెల్లె ఏడుస్తూ "మందు తాగిండు" అంది. నర్సమ్మ ముఖం మారిపోయింది. మన దగ్గర ఆ మాటకు ఎన్ని అర్థాలో మీకు తెలుసు. "ఏం మందు? పత్తి మందా?" అని అడిగింది. కాదమ్మా, విస్కీ అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. పురుగుల మందు కాదని ఊరట పడాలో, ఇంట్లో పిల్లాడు విస్కీ తాగాడని సిగ్గుపడాలో తెలియలేదు.

డాక్టరు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత తాగాడు? అందులో ఎంత కలిపారు?"

పిల్లాడు ఎంత తాగాడో ఎవరూ చూడలేదు. ఎంత కలిపినవ్ రా అని మా అబ్బాయిని అడిగితే, "మొదలు అర్ధ సీసా పోసిన, తర్వాత జగ్గు తగ్గితే మామ ఇంకింత పోసిండు, మళ్ల నేను షర్బత్తు కలిపిన..." అని నీళ్లు నమిలాడు. మరిది "నేను కొంచెమే పోసిన" అన్నాడు. ఆ కొంచెం ఎంతో ఆయనకే తెలియదు. డాక్టరు ఇంకేమీ అనలేదు. చిన్నపిల్లల్లో ఆల్కహాల్ పడితే రక్తంలో షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని, రాత్రంతా చూడాలని చెప్పి సెలైన్ పెట్టించాడు. రెండు గంటలకోసారి వేలు పొడిచి షుగర్ చూశారు. తెల్లవారుజామున లేచి "పెద్దమ్మా, ఆకలి" అన్నాడు. అప్పటిదాకా మా చెల్లె నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు మావాడి మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకంటే ఆ 'కొంచెం' అనే మాట నాకు కొత్త కాదు.

మా తమ్ముడి గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. బాపు అన్‌ఫిట్ అయ్యాక వాడికి ఉద్యోగం వచ్చింది. మంచి పనిమంతుడు. జీతం రాగానే అమ్మ చేతిలో పెట్టేవాడు. షిఫ్టు దిగి దోస్తులతో కలిసి కొంచెం తాగడం మొదలైంది. "ఇయ్యాల కొంచెమే తాగిండు బిడ్డా" అని అమ్మ ఫోన్‌లో చెప్పేది. నేను కూడా "పోనీలే అమ్మా, బాయి పని కదా, ఒళ్లు నొప్పులుంటయి" అనేదాన్ని. పండక్కి వస్తే వాడికి ఇష్టమని కోడికూర వండి, పక్కన మంచింగ్‌కి పల్లీలు వేయించి పెట్టింది నేనే. ఒక్కరోజు కూడా ఎన్ని అయ్యాయిరా అని అడగలేదు. అడిగితే గొడవ. అడగకపోతే పండగ. ముప్పై ఏడేళ్లకు కాలేయం పోయి వాడు వెళ్లిపోయాడు. అప్పుడు కూడా డాక్టరు అడిగింది ఇదే, "రోజుకు ఎంత తాగేవాడు?" మా మరదలు, అమ్మ, నేను ముగ్గురం ముఖాలు చూసుకున్నాం.

కాబట్టి మందు అంటేనే మండిపడాలి నేను. కానీ బాపమ్మను తలుచుకుంటే అలా అనలేను. ఎందుకంటే మా బాపమ్మ కల్లు తాగేది. దాచి కాదు, అరుగు మీద కూర్చుని, అందరి ముందూ. గౌడన్న వచ్చి వంపితే తాటి రేకలో పట్టుకుని తాగేది. మా తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగడం వింత కాదు. పుట్టుకకూ చావుకూ పెళ్లికీ కల్లు ఉండాలి. బోనాల నాడు సాకగా ముందు అమ్మవారికి పోసి, తర్వాతే మనిషి నోటికి. అందుకే మావాడు 'బాపమ్మ స్పెషల్' అని పేరు పెడితే, ఆమె పేరు చెడగొట్టావురా అని తిట్టలేకపోయాను.

మరి తేడా ఎక్కడుంది? చాలా రోజులు ఆలోచించాను. బాపమ్మ కల్లుకు ఒక కొలత ఉండేది. ఆ కొలత ఆమె పెట్టుకున్నది కాదు, చెట్టు పెట్టింది. చెట్టు రోజుకు ఇంత అని ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కిన కొద్దీ పులిసి ఘాటెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేం. దాచిపెట్టుకుని వారం తాగుదామంటే కుదరదు. తెచ్చేవాడు ఊరివాడు, ఎవరికి ఎంత పోశాడో ఆయనకు తెలుసు. నలుగురిలో కూర్చుని తాగుతారు కాబట్టి రేకలు లెక్కపెట్టే కళ్లు చుట్టూ ఉంటాయి. "అవ్వా, రెండు రేకలైనయి, చాలు" అని గౌడన్నే లేచిపోయేవాడు. అప్పుడు కూడా తాగి కొట్టినవాళ్లూ సంసారాలు ఆగం చేసినవాళ్లూ లేరని కాదు. కొలత మాత్రం నలుగురికీ కనబడేది.

విస్కీ సీసాకు ఇవేవీ లేవు. ఏడాది పెట్టినా పులవదు. ఊళ్లో వైన్స్ మూసేస్తే బెల్టుషాపు ఉంటుంది. మనదేశంలో మామూలుగా అమ్మే విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది. అంటే ముప్పై మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో దాదాపు పది గ్రాముల అసలు ఆల్కహాల్ పడుతుంది. ఉత్త విస్కీ అయితే ఆ మంట గొంతుకు తెలుస్తుంది, ముఖం చిట్లిస్తాం, ఆగుతాం. పండ్ల రసం, బెల్లం పడ్డాక ఆ మంట పోతుంది, పది గ్రాములు మాత్రం అక్కడే ఉంటాయి. తీపి చేసే పని అంతే, నాలుకకు అబద్ధం చెప్పడం. అందుకే ఇప్పుడు ఆపిల్ రుచి, నారింజ రుచి అని రకరకాల సీసాలు వస్తున్నాయి. కొత్తగా తాగేవాళ్లకు, ముఖ్యంగా మన ఆడపిల్లలకు, ఇది మందులాగే అనిపించదు. ఇంత తాగితే ఆరోగ్యానికి ఏమీ కాదు అని చెప్పగల కొలతే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. అది పెద్దవాళ్ల సంగతి. ఆరేళ్ల పిల్లాడి సంగతి వేరే చెప్పాలా?

నేను డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని. ఆ బెంచీ మీద నాకు నన్నయ భారతంలోని కచుడి కథ గుర్తుకొచ్చింది. రాక్షసులు కచుణ్ణి చంపి, బూడిద చేసి, మద్యంలో కలిపి శుక్రాచార్యుడికి ఇస్తారు. అంత మహా పండితుడు, చచ్చినవాణ్ణి బతికించే విద్య తెలిసినవాడు, గ్లాసులో ఏం కలిసిందో తెలియకుండా తాగేశాడు. తర్వాత శిష్యుణ్ణి బతికించడానికి తన ప్రాణం మీదికే వచ్చింది. కోపమంతా మద్యం మీద చూపించి, ఇక బ్రాహ్మణులు తాగితే మహాపాపమని కట్టడి చేశాడు. పరీక్షల కోసం చదివినప్పుడు అదొక కట్టడి కథ అనుకున్నాను. ఇప్పుడు అది అడగకుండా తాగినవాడి కథ అనిపిస్తోంది. కలిపి ఇచ్చినవాణ్ణి "ఇందులో ఏముంది?" అని ఒక్క మాట అడిగి ఉంటే?

"ఇంత బాధపడేదానివి, ఇంట్లో మందే బంద్ పెట్టొచ్చు కదా" అని మా పక్కింటి వదిన అంది. చాలామంది అక్కలు ఇదే అంటారని తెలుసు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి మామూలు ఆడవాళ్లు కొంగు బిగించారు కాబట్టే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దుకోవడానికి పోయిన ఆడవాళ్లు ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేశారు. అది చిన్న సంగతి కాదు. కానీ 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. నిషేధం ఉన్న ఆ రెండేళ్లూ మా బాపు మానలేదు. నల్లబెల్లం, పటిక వేసి కాచిన గుడుంబా తెచ్చుకున్నాడు. గొంతులో బొగ్గు దుమ్ము దింపుతుందని బాపమ్మ నమ్మిన బెల్లమే అలా తిరిగి ఇంటికొచ్చింది. అందుకే ఇంట్లో బంద్ అని నేను అంటే, ముందు గదిలో సీసా మేడ మీదికి పోతుంది, అంతే. కనబడకుండా పోయిన దాన్ని లెక్కపెట్టలేను. తమ్ముడి విషయంలో జరిగింది అదే.

"నువ్వు లెక్కపెట్టి ఇస్తే ఒప్పుకున్నట్టే కదా" అని కూడా ఒకరన్నారు. ఇది నన్ను కొంచెం గుచ్చింది. నిజమే, ఒప్పుకున్నట్టే. కానీ అక్కా, పల్లీలు వేయించినప్పుడు ఒప్పుకోలేదా? కూర వండి, గ్లాసులు కడిగి, తెల్లారి వాంతి కడిగినప్పుడు ఒప్పుకోలేదా? పని మొత్తం మనది, లెక్క అడిగే హక్కు మాత్రం మనది కాదు. నేను ఒప్పుకోనిది ఆ పద్ధతి. అసలు తాగని ఇల్లయితే చాలా సంతోషం, అలాగే ఉండండి. తాగే ఇల్లయితే మాత్రం కొలగిన్నె మన చేతిలో ఉండాలి.

ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. మావాడు తలదించుకుని విన్నాడు. "అమ్మా, ఇగ జన్మల చెయ్య" అన్నాడు. చెయ్యొద్దని కాదు బిడ్డా, చేసేటట్టయితే ఇట్లా చెయ్యి అన్నాను.

మొదటిది, జగ్గులో కలపొద్దు. షర్బత్తు జగ్గు షర్బత్తు జగ్గే. అది పిల్లలది, అత్తమ్మది, ఇంటికి ఎవరొస్తే వాళ్లది. పోసుకునేవాళ్లు వాళ్ల గ్లాసులో వాళ్లు, ముప్పై మిల్లీలీటర్ల కొలతతో పోసుకోవాలి. దగ్గు మందు సీసా మీద ఉండే మూతతో అయినా సరే. అప్పుడు ఎవరికి ఎన్ని అయ్యాయో అడిగితే ఒక అంకె చెప్పగలగాలి. కొంచెం అనేది అంకె కాదు.

రెండోది, కలిపింది ఏదీ ఫ్రిజ్‌లోకి పోదు. మిగిలితే పారబోయడమే. డబ్బులు పోయాయని ఏడిస్తే ఆ రాత్రి ఆస్పత్రి బిల్లు చూపిస్తాను. సీసా బీరువాలో, తాళం నా కొంగుకు.

మూడోది, కొడుక్కు ఏ లెక్కో బిడ్డకూ అదే లెక్క. మన రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండనిదే అమ్మకూడదు, కొనకూడదు. అది ఇద్దరికీ. నిండాక వద్దనిపిస్తే ఇద్దరికీ వద్దు. మూడు గ్లాసులు తాగిన మగవాళ్లను వదిలేసి ఒక గ్లాసు పట్టుకున్న పిల్లను మాత్రమే అడిగితే, రేపు అది కూడా దాచుకునే నేర్చుకుంటుంది. బాపమ్మ అరుగు మీద తాగింది, నా బిడ్డ మేడ మీద చాటుగా తాగాలా? బండి నడిపేవాళ్లకు, మాత్రలు వాడేవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు ఈ లెక్కలో సున్నా.

నాలుగోది మావాడి కోసం. బాపమ్మ పేరు పెట్టాలంటే బాపమ్మ రుచి ఒక్కటే తీసుకుంటే సరిపోదు. ముందు అమ్మవారికి, నలుగురిలో, రెండు రేకలకు ఆపేయడం. ఆ మూడూ లేకుండా ఆమె పేరు పెట్టొద్దు. వేరే పేరు పెట్టుకో.

ఈ ఏడాది బోనాలకు మళ్లీ అందరూ వచ్చారు. చెల్లె వస్తుందో రాదో అని భయపడ్డాను, వచ్చింది. మావాడు నాకంటే ముందు లేచి పండ్లు కడిగాడు. కిలో పండ్లకు అర లీటరు నీళ్లు పోసి పది నిమిషాలు ఉడికించి, చల్లారాక పిసికి వడగట్టి, రెండు వందల గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు శొంఠి, ఉప్పు వేశాడు. జగ్గు మీద తెల్ల కాగితం అంటించి 'ఉత్త షర్బత్తు' అని పెద్ద అక్షరాలతో రాశాడు. మా మరిది ముందు గదిలో కూర్చుని మూతతో కొలుచుకుంటూ, "వదినా, రెండు అయినయి" అని వంటింట్లోకి వినబడేలా చెప్పాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, లెక్క రాసుకున్నాను.

చెల్లె కొడుకు మాత్రం షర్బత్తు ముట్టలేదు. "పెద్దమ్మా, అది మందా?" అని దూరం నుంచే అడిగాడు. కాదు నాన్నా అని నేను ముందు ఒక గుక్క తాగి చూపించాను. తర్వాత మా అమ్మాయి తాగి ఊదారంగు నాలుక బయటపెట్టి వెక్కిరించింది. అప్పుడు నవ్వి, దగ్గరికొచ్చి, గ్లాసు వాసన చూసుకుని తాగాడు.

ఏడేళ్లవాడు గ్లాసు వాసన చూసుకుని తాగడం చూస్తే నా కడుపులో ఎలా ఉందో చెప్పలేను. మీ ఇళ్లలో ఆ పరిస్థితి రాకూడదనే ఇదంతా రాశాను. ఈ బోనాలకో, దసరాకో మీ ముందు గదిలో కూడా ఎవరో ఏదో కలుపుతూ ఉంటారు. కోపం తెచ్చుకోకుండా, నవ్వుతూనే, ఎంత కలిపావని ఒక్కసారి అడగండి.